పదహారు అక్షరాల్లో దొరికిన గొంతు

2002లో అమెరికా రేడియోల్లో 'అడిక్టివ్' అనే పాట మారుమోగిపోయింది. పాడింది ట్రూత్ హర్ట్స్ అనే గాయని. కానీ ఆ పాటకు ప్రాణం పోసింది మన లతా మంగేష్కర్ గొంతు. 1981లో వచ్చిన 'జ్యోతి' అనే హిందీ సినిమా కోసం బప్పీ లహిరి కట్టిన పాటలోంచి ఒక ముక్క తీసి, నిర్మాత డీజే క్విక్ దాన్ని తన బీటు మీద పరిచాడు. అనుమతి అడగలేదు. అట్ట మీద పేరూ వేయలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. బప్పీ లహిరి పేరు అచ్చు వేసేదాకా అమ్మకాలు ఆపాలని లాస్ ఏంజెలెస్‌లోని ఫెడరల్ కోర్టు ఆదేశించింది.

అమెరికన్ హిప్ హాప్‌కు అప్పట్లో భారతీయ ధ్వని మీద మోజు ఎక్కువ. ధ్వని కావాలి, దాని వెనకున్న మనిషితో మాత్రం పని లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ లాస్ ఏంజెలెస్ జిల్లాలోనే, క్లేర్‌మాంట్ అనే చిన్న ఊళ్లో పదహారేళ్ల తెలుగమ్మాయి ఒకతె ర్యాప్ సాధన చేస్తోంది. పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. ఇవాళ లోకం ఆమెను రాజా కుమారి అంటోంది.

శ్వేత 1986లో అక్కడే పుట్టింది. ఇంట్లో తెలుగు వాతావరణం. పసితనం నుంచే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంది. ఐదో తరగతిలో ఉండగా ఫ్యూజీస్ బృందం ఆల్బమ్ 'ద స్కోర్' ఆమె చేతికొచ్చింది. 1996 నాటి ఆల్బమ్ అది. అందులో లారిన్ హిల్ పాడుతుంది, పాడుతూ పాడుతూనే ర్యాప్‌లోకి దూకుతుంది. ఒక ఆడపిల్ల మైకు పట్టుకుని ఇంత నిబ్బరంగా మాట్లాడగలదా అని ఆ రోజుల్లో ఎందరు పిల్లలు నోరు తెరుచుకుని విన్నారో! పద్నాలుగేళ్లు వచ్చేసరికి శ్వేత తనూ అప్పటికప్పుడు మాటలు అల్లి ర్యాప్ చెప్పడం మొదలుపెట్టింది. రంగస్థలానికి పెట్టుకున్న పేరే రాజా కుమారి.

ఇక్కడే చిక్కు వచ్చి పడింది. ఒకవైపు గజ్జెలు, మరోవైపు మైకు. చూసేవాళ్లకు ఇవి రెండు వేరువేరు లోకాలు. నాట్యం గుడికీ సభకూ చెందింది, ర్యాప్ న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల్లో 1973లో కూల్ హెర్క్ అనే డీజే పెట్టిన పార్టీల్లో ఊపిరి పోసుకుంది. రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయి?

జవాబు లెక్కలో ఉంది. నట్టువాంగం చేసే గురువు తాళాలు మోగిస్తూ నోటితో జతులు చెబుతారు, శిష్యురాలి పాదం వాటిని నేల మీద పలుకుతుంది. 'తకధిమి' అంటే నాలుగు అక్షరాలు, 'తకిట' అంటే మూడు. ర్యాప్‌లో ఒక బార్‌కు నాలుగు దెబ్బలు, దెబ్బకు నాలుగు చొప్పున పదహారు చిన్న అక్షరాలు. ఇప్పుడు 'తకిట' నాలుగుసార్లు చెప్పి, చివర ఒక్క 'తకధిమి' తగిలించి చూడండి. పన్నెండూ నాలుగూ కలిసి సరిగ్గా పదహారు. బీటు తిన్నగా నాలుగు నాలుగుగా నడుస్తుంటే నోరు మూడు మూడుగా పరిగెత్తి, ఆఖరి దెబ్బ దగ్గర వచ్చి కలుసుకుంటుంది. వినేవాడికి ఒక క్షణం కాలికింద నేల కదిలినట్టుంటుంది. 2013 ప్రాంతంలో మీగోస్ బృందం ఒక్కో దెబ్బను మూడు ముక్కలు చేసి ర్యాప్ చెబితే అమెరికా కొత్త ఒరవడి అని ఊగిపోయింది. దెబ్బకు మూడంటే మనకు తిస్ర గతి. నాట్యం నేర్చుకునే పిల్లలు తొలి ఏళ్లలోనే దాన్ని తొక్కుతారు.

మా కొడవలూరు వైపు జాతరలో పలకలు మోగుతున్నప్పుడు, సంగీతం ఒక్క ముక్క చదువుకోని పెద్దమ్మలు కూడా నడక మారిన చోట సరిగ్గా భుజం కదిపేస్తారు. లెక్క పుస్తకంలో ఉండదు, ఒంట్లో ఉంటుంది. శ్వేతకు అది పాదాల్లోంచి నాలుక మీదికి ఎక్కింది. తన ర్యాప్ నడకకు మూలం నాట్య శిక్షణేనని ఆమె చాలాసార్లు చెప్పుకుంది.

నాకు ఇంకో పోలిక కూడా గట్టిగా కనిపిస్తుంది. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూసినవాళ్లకు ఇది చప్పున తెలుస్తుంది. తెర వెనక నుంచి జడ వేసి, తానెవరో, తన అందమెంతో, తన పంతమెంతో తన నోటితోనే చాటుకుంటుంది. కూచిపూడి నర్తకి ఆడడమే కాదు, మాట్లాడుతుంది కూడా. ర్యాపర్ మొదట చేసేదీ అదే: నేనెవరో తెలుసా అని సభను నిలదీయడం. అయితే శతాబ్దాల పాటు ఆ సత్యభామ వేషం కట్టింది మగవాళ్లే. ఆడవాళ్లకు కూచిపూడి రంగస్థలం తెరుచుకుంది ఇరవయ్యో శతాబ్దంలోనే.

కిటుకు దొరికినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. శ్వేత చదివింది మతాల అధ్యయనం, అందులోనూ దక్షిణాసియా మతాలు. ఆ తర్వాత చేరింది పాటలు రాసేవాళ్ల గదిలోకి. అమెరికన్ పాప్‌లో ఒక్కో పాటకు నలుగురైదుగురు కూర్చుని పని చేస్తారు. ఒకరు వరుస కడతారు, ఒకరు పల్లవి అందిస్తారు, ఇంకొకరు మాట మారుస్తారు. పాట బయటికొచ్చాక జనం చూసేది పాడినవాళ్ల ముఖమే. ఇగ్గీ అజేలియా ఆల్బమ్ 'ద న్యూ క్లాసిక్'లో ఆమె చేయి ఉంది. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ విభాగంలో అది గ్రామీకి నామినేట్ అయింది. 2014లో ఫాల్ అవుట్ బాయ్ బృందం 'సెంచరీస్' అంటూ స్టేడియాలు దద్దరిల్లేలా పాడింది. దాని రచయితల జాబితాలో రాజా కుమారి పేరుంది. ఆ పాటకు బీఎంఐ పాప్ అవార్డు కూడా అందుకుంది. గ్వెన్ స్టెఫానీ కోసమూ రాసింది.

పనితనానికి లోటు లేదు, పేరు మాత్రం చిన్న అక్షరాల్లో మిగిలింది. నా లెక్కన ఆమె జీవితంలో అన్నిటికన్నా కష్టమైన కాలం ఇదే. ఓటమి అయితే వదిలేసి పోవచ్చు. పరాయి గొంతులో తన మాట గెలుస్తుంటే చూస్తూ తన వంతు కోసం ఆగడానికి వేరే రకం ఓపిక కావాలి.

2016లో ఎపిక్ రికార్డ్స్ ద్వారా 'ద కమ్ అప్' అనే చిన్న ఆల్బమ్‌తో తన ముఖంతో, తన గొంతుతో ముందుకొచ్చింది. బొట్టు, బరువైన నగలు, జతుల నడక, లాస్ ఏంజెలెస్ యాస, అన్నీ ఒకేచోట. అదృష్టం కూడా అప్పుడే కలిసొచ్చింది. ముంబై వీధుల్లో డివైన్, నేజీ లాంటి కుర్రాళ్లు 2015 నుంచే హిందీ ర్యాప్‌తో జనాన్ని ఉర్రూతలూగిస్తున్నారు. అమెరికాలో పుట్టిన పిల్లకు చోటు దొరికింది అమెరికాలో కాదు, అమ్మానాన్నల దేశంలో. 2017లో డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్' చేసింది, మరుసటి ఏడాది 'రూట్స్'. 2019లో 'గల్లీ బాయ్' సినిమాలో కాసేపు తెర మీద మెరిసింది. అదే ఏడు ఎంటీవీ 'హసల్' పోటీలో రఫ్తార్, న్యూక్లియాలతో పాటు న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చుంది. పాటల గదిలో కనిపించకుండా పనిచేసిన మనిషి ఇప్పుడు ఊరూరి నుంచి వచ్చిన కుర్ర ర్యాపర్లకు తప్పొప్పులు చెబుతోంది.

ఇంత పేరొచ్చాక చాలామంది పెద్ద కంపెనీ నీడలోనే స్థిరపడతారు. అక్కడ ఒక మెలిక ఉంది. రికార్డు చేసిన అసలు ప్రతిని 'మాస్టర్' అంటారు. పెద్ద లేబుల్‌తో ఒప్పందం రాసుకుంటే సాధారణంగా డబ్బు పెట్టేది కంపెనీ, మాస్టర్ సొంతదారూ కంపెనీయే. పాడినవాళ్లకు వాటా వస్తుంది. ఆ పాటను ఎప్పుడు విడుదల చేయాలి, ఏ సినిమాకు ఇవ్వాలి అన్నది చివరికి వాళ్ల చేతుల్లో ఉండదు. సొంతంగా చేస్తే స్టూడియో అద్దె, వీడియో ఖర్చు, ప్రచారం అన్నీ మన నెత్తినే. కానీ పాట మనది.

రాజా కుమారి రెండో దారి పట్టింది. గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుంది. 2022లో 'మేడ్ ఇన్ ఇండియా' విడుదల చేసింది. 1995లో అలీషా చినాయ్ పాడగా దేశమంతా పాడుకున్న పాట పల్లవిని తీసుకుని దానికి తన ర్యాప్ చేర్చింది. వీడియోలో మాధురీ దీక్షిత్ కనిపిస్తుంది. హిప్ హాప్ చరిత్రలో లేబుల్ నడిపిన ఆడవాళ్లు కొత్త కాదు. 1979లో 'ర్యాపర్స్ డిలైట్' పాటను రికార్డు చేయించి ర్యాప్‌ను ఇంటింటి రేడియోకు చేర్చింది సిల్వియా రాబిన్సన్ అనే మహిళే. అయినా కూచిపూడి అడుగులు తొక్కిన అమ్మాయి ఆ కుర్చీలో కూర్చోవడం తెలుగువాళ్లం కాస్త గర్వంగానే చెప్పుకోవలసిన సంగతి.

2023లో వచ్చింది 'ద బ్రిడ్జ్'. ఇన్నేళ్ల చిన్న ఆల్బమ్‌లు, సింగిల్స్ తర్వాత ఆమెకిది మొదటి పూర్తి ఆల్బమ్, అదీ సొంత లేబుల్ మీద. పద్నాలుగేళ్లప్పుడు మైకు పట్టిన పిల్లకు అప్పటికి ముప్ఫై ఏడేళ్లు. అదే ఏడాది అనిరుధ్ సంగీతంలో 'జవాన్' సినిమాకు ర్యాప్ తనే రాసి తనే చెప్పింది. 2024 నవంబరులో వచ్చిన 'ఆర్కేన్' యానిమేషన్ సిరీస్ రెండో సీజన్ పాటల్లో 'రెనగేడ్' ఉంది. అందులో స్టెఫ్లాన్ డాన్, జరీనా డి మార్కోల పక్కన రాజా కుమారి ర్యాప్ చెబుతుంది. ఈసారి ఆమె పేరు పెద్ద అక్షరాల్లోనే ఉంది.