వజ్రం కోసం వెతికితే రంపం పన్ను దొరికింది

హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లి గుండ్రటి రంపం బ్లేడు కావాలంటే కొట్టాయన అడిగే మొదటి మాట, "ఎన్ని పళ్లది?" 24, 30, 40, 60, 80 అంటూ అట్ట మీద అచ్చేసిన అంకెలు చూసి, ఇంట్లో కొత్తగా వడ్రంగి పని మొదలుపెట్టినవాళ్లు తికమక పడతారు. బ్లేడును చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. ప్రతి పంటి కొసనా బియ్యపు గింజంత బూడిదరంగు ముక్క అతికించి ఉంటుంది. మిగతా చక్రమంతా ఉక్కు. కర్రను కోసేది మాత్రం ఆ గింజే.

అది టంగ్‌స్టన్ కార్బైడ్. జర్మనీలోని కృప్ కంపెనీ 1926లో దాన్ని 'విడియా' పేరుతో అమ్మకానికి పెట్టింది. మన ఆటోనగర్‌లలో లేతు మిషను పనివాళ్లు ఈనాటికీ 'విడియా బిట్' అనే అంటారు. ఆ గింజ పుట్టుక చెప్పుకోకపోతే అన్యాయం.

అంతకుముందు రంపానికి నాలుగు వేల ఏళ్ల చరిత్ర ఉంది. ఈజిప్టులో మెకెట్రే అనే వ్యక్తి సమాధిలో దొరికిన చెక్క బొమ్మల కొలువులో ఒక వడ్రంగి కొట్టం కూడా ఉంది. నిలువు గుంజకు కట్టిన దుంగను ఒకతను రంపంతో కోస్తుంటాడు. ఆనాటి రంపాలు రాగివి. రాగి మెత్తన, తోస్తే వంగిపోతుంది. అందుకే లాగి కోసేవారు. మొహెంజోదారోలోనూ రంపాలు బయటపడ్డాయి. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్రలో నాకెంతో నచ్చే సంగతి ఒకటి రాశాడు. పచ్చి కర్ర పొట్టు పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది కాబట్టి, పొట్టు రాలిపోయేలా పళ్లను ఒకటి అటూ ఒకటి ఇటూ వంచుతారట. చేతిరంపం పట్టే మన వడ్రంగులు ఇప్పటికీ చేసేది అదే.

ఆ తర్వాత శతాబ్దాలు గబగబా దొర్లిపోతాయి. నేటి టర్కీలోని హియెరాపోలిస్‌లో మూడో శతాబ్దపు రాతి శవపేటిక మీద నీటిచక్రంతో నడిచే రంపపు యంత్రం చెక్కి ఉంది. అది కోసింది రాయిని. పదమూడో శతాబ్దంలో విలార్ ద ఒనెకూర్ అనే ఫ్రెంచివాడు నీటితో నడిచే కర్రకోత రంపాన్ని తన పుస్తకంలో గీశాడు. ఇక గుండ్రటి రంపానికి అమెరికాలో ఒక అందమైన కథ ఉంది. 1813 ప్రాంతంలో టాబిథా బాబిట్ అనే షేకర్ మతవర్గపు స్త్రీ, ఇద్దరు మనుషులు చెరోవైపు రంపం లాగుతుంటే చూసి, సగం శ్రమ వృథా అవుతోందని బాధపడి, నూలు రాట్నానికి పళ్ల బిళ్ల తగిలించిందని చెబుతారు. వినడానికి ఎంత బాగున్నా, అంతకు చాలాముందే, 1777లో, సౌతాంప్టన్‌కు చెందిన శామ్యూల్ మిల్లర్ ఇంగ్లండ్‌లో తీసుకున్న పేటెంటులో గుండ్రటి రంపం ప్రస్తావన ఉంది.

ఇన్ని మారినా పన్ను మాత్రం బ్లేడుతో ఏకఖండంగానే ఉండేది. 1860 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో నేథన్ స్పాల్డింగ్ చక్రం అంచున వంపు గాడులు తీసి, వాటిలో విడి పళ్లు బిగించాడు. ఒక పన్ను విరిగితే చక్రమంతా అరగదీయనక్కర్లేదు, ఆ పన్ను ఒక్కటి మార్చుకుంటే చాలు. కోసే పన్ను వేరు, దాన్ని మోసే చక్రం వేరు అన్న ఆలోచన నిలదొక్కుకుంది. ఇక పంటికి తగిన పదార్థం దొరకాలి.

అది దొరికింది రంపాల కార్ఖానాలో కాదు. 1890లలో పారిస్‌లో ఆన్రీ మొయిస్సాన్ అనే రసాయన శాస్త్రవేత్త విద్యుత్ కొలిమిలో కృత్రిమ వజ్రం చేయాలని తపించాడు. ఆ ప్రయోగాల్లో టంగ్‌స్టన్, కర్బనం కలిసి మహా గట్టి పదార్థం ఒకటి ఏర్పడింది. గట్టిదే కానీ పెళుసు, దెబ్బ తగిలితే పగులుతుంది. ఎందుకూ పనికిరాదని పక్కన పడింది.

ఈలోగా విద్యుత్ దీపం వాడుక పెరిగింది. బల్బులో వెలిగే తీగను టంగ్‌స్టన్‌తో చేయడం మొదలైంది. తల వెంట్రుక కంటే సన్నని ఆ తీగను సాగదీయాలంటే వజ్రానికి బెజ్జం చేసి అందులోంచి లాగాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి చితికిన జర్మనీకి ఆ వజ్రాలు మోయలేని ఖర్చు. బెర్లిన్‌లో ఓస్రామ్ దీపాల కంపెనీ పరిశోధకుడు కార్ల్ ష్రోటర్ మొయిస్సాన్ పదార్థాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని మెత్తగా పొడి చేసి, కొద్దిపాటి కోబాల్ట్ పొడి కలిపి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చాడు. ఆ వేడికి కోబాల్ట్ కరిగి కార్బైడ్ రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచింది. గట్టిదనం పోలేదు, పెళుసుదనం తగ్గింది. 1923 మార్చి 30న పేటెంటుకు దరఖాస్తు పడింది. దీపపు తీగ కోసం చేసిన ఈ పని, ప్రపంచంలోని కార్ఖానాలన్నిటి పనిముట్లనూ మార్చేసింది. ఆ దరఖాస్తు నాటికి ఈ సంగతి ఎవరి ఊహలోనూ ఉండి ఉండదు.

హక్కులు కృప్ చేతికి వచ్చాయి. వజ్రంలాంటిది అని అర్థమొచ్చే జర్మన్ మాటల్ని కుదించి విడియా అని పేరు పెట్టి, 1927 వసంతంలో లైప్‌జిగ్ ప్రదర్శనలో లోకానికి చూపించింది. మరుసటి ఏడు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌తో ఒప్పందం కుదిరింది. అక్కడ పౌను 50 డాలర్ల దరిదాపుల్లో ఉన్న ధర ఏకంగా 453 డాలర్లకు ఎగబాకింది. అంటే గ్రాముకు ఒక డాలరు. అప్పట్లో ఔన్సు బంగారం 20.67 డాలర్లు, గ్రాముకు 66 సెంట్లు. రంపపు పంటికి బంగారం కంటే ఖరీదైన పదార్థం! ఆ ఒప్పందం మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో 1948లో జనరల్ ఎలక్ట్రిక్‌ను కోర్టు దోషిగా తేల్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప తీరే మారిపోయింది. ప్లైవుడ్, పొట్టుచెక్క, లామినేట్ల వాడకం పెరిగింది. వాటిలోని జిగురు ఉక్కు పళ్లను చూస్తుండగానే మొద్దుబారుస్తుంది. ఖరీదైనా కార్బైడ్ తప్పనిసరైంది. చక్రం మందం కంటే కాస్త వెడల్పైన గింజను వెండి టంకంతో అతికిస్తే, పళ్లు అటూ ఇటూ వంచే పని లేకుండానే కోతలో బ్లేడుకు చోటు దొరుకుతుంది. ప్లినీ కాలంనాటి విద్య గుండ్రటి బ్లేడుకు అక్కర్లేకుండా పోయింది. ఆకురాయి కూడా పోయింది, కార్బైడ్ మీద అది నిలవదు, వజ్రపు పొడి పూసిన చక్రంతోనే సాన పట్టాలి. పని ముగించి అరుగు మీద కూర్చుని, రంపాన్ని మోకాళ్ల మధ్య బిగించి, ఒక్కో పంటికీ ఆకురాయి పట్టే వడ్రంగుల ఓపిక అంటే నాకు గొప్ప గౌరవం. వాళ్ల చెవి ఆ చప్పుడును బట్టే పదును పోల్చేది.

ఆ తర్వాతి చరిత్ర ఒక దారిన నడవదు. ఉక్కు పళ్ల చేతిరంపం పోలేదు సరికదా, ఈజిప్టువాడిలా లాగి కోసే జపాన్ రంపాలు ఇంటి షెడ్లలోకి వచ్చాయి, వాటికీ అరిగితే బ్లేడు మార్చుకోవడమే. బ్యాటరీ రంపాలకు శక్తి తక్కువ గనుక వాటికి సన్నటి బ్లేడ్లు వాడతారు. మన ఊళ్లలో రాయి కోసే మార్బుల్ కట్టర్‌కే 110 మిల్లీమీటర్ల పళ్ల బ్లేడు తగిలించి ప్లైవుడ్ కోస్తున్నారు. అంతవరకు ఫరవాలేదనుకున్నా, అదే బ్లేడును యాంగిల్ గ్రైండర్‌కు, అదీ గార్డు తీసేసి బిగించడం చూస్తే గుండె ఆగుతుంది. పన్ను కర్రలో చిక్కుకుంటే మిషను చేతిలోంచి ఎగిరి మనిషి మీదికే వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

పది అంగుళాల టేబుల్ సా కొన్నవారు మొదట 40 పళ్ల బ్లేడు ఒకటి మంచిది తీసుకోండి. టేకు పలకల్ని నార వెంట నిలువునా చీల్చే పని ఎక్కువైతే 24 పళ్లది కొనండి. పళ్లు తక్కువైతే మధ్య ఖాళీ ఎక్కువ, పొడవాటి పొట్టు సులువుగా బయటపడుతుంది. అడ్డకోతకు, ప్లైవుడ్ అంచు చిట్లకుండా ఉండటానికి 60 నుంచి 80. బ్లేడు మీద అచ్చేసిన గరిష్ఠ వేగం మీ మిషను వేగం కంటే తక్కువగా ఉంటే మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. కోత నల్లబడుతోందని వెంటనే కొత్తది కొనకండి. చాలాసార్లు పళ్లకు పట్టిన కలప బంకే కారణం, అది కడిగేస్తే పోతుంది.