చిగుళ్ల వైద్యంలో ఇంటి సాక్ష్యం: లీవెన్‌హుక్ లేఖ నుంచి స్మార్ట్ బ్రష్ దాకా

చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని మీరు దంతవైద్యుని దగ్గరకు వెళ్లారనుకోండి. ఆయన నోరు చూసి, "రోజూ రెండుపూటలా సరిగ్గా తోముకుంటున్నారా?" అని అడుగుతారు. "తోముకుంటున్నానండీ" అంటారు మీరు. అబద్ధం చెప్పాలని కాదు. ఎంతసేపు తోముకున్నామో, ఏ మూల వదిలేశామో మనలో ఎవరం లెక్కపెట్టుకుంటాం? పైగా అలాంటి ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పడానికి మొహమాటం. చరిత్ర విద్యార్థిగా మీరు ఆ జవాబును ఒక ఆధారంగా పరిశీలిస్తే దాని బలహీనత వెంటనే తెలుస్తుంది. అది జ్ఞాపకం మీద ఆధారపడింది. చెప్పే వ్యక్తికి తనను తాను బాగా చూపించుకోవాలన్న కోరిక ఉంది. సరిచూడడానికి రెండో సాక్షి లేడు.

ఈ వ్యాసంలో ఆ రెండో సాక్షి కోసం వైద్యం చేసిన వెతుకులాటను తెలుసుకుందాం. నేటి స్మార్ట్ బ్రష్, సెల్‌ఫోన్ సందేశం ఆ వెతుకులాటలో తాజా మజిలీలు.

ముందుగా జబ్బు సంగతి. పళ్ల మీద రోజూ చేరే మెత్తని పొరను మనం పాచి అంటాం. అది బాక్టీరియాల నివాసం. తీయకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గారగా మారుతుంది. పాచి నిలిచిన చోట చిగురు వాస్తుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. ఇది చిగుళ్లవాపు, నయమయ్యే దశ. కొందరిలో ఇది ముదిరి పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగిస్తుంది. దాన్ని పెరియోడాంటైటిస్ అంటారు. కరిగిన ఎముక దానంతటది తిరిగి రాదు. వైద్యుడు గారను గీకి తీస్తాడు. (గార తీయిస్తే పళ్లు వదులవుతాయని మన ఊళ్లలో ఒక భయం ఉంది. పళ్లను వదులు చేసింది జబ్బు, గార దాన్ని కప్పి ఉంచింది, అంతే.) కానీ వైద్యుడు శుభ్రం చేసిన పంటి మీద కొన్ని గంటల్లోనే కొత్త పొర మొదలవుతుంది. అందుకే ఈ జబ్బుకు సగం వైద్యం కుర్చీలో జరిగితే మిగతా సగం పెరట్లోనో, బాత్‌రూమ్‌లోనో, ఎవరూ చూడని చోట జరగాలి.

తన నోటినే పరీక్షించిన వర్తకుడు

ఈ కథలో మొదటి గొప్ప పత్రం 1683 సెప్టెంబరు 17 నాటిది. హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసి, తీరిక వేళల్లో సూక్ష్మదర్శినులు తయారుచేసిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ ఆ రోజు లండన్‌లోని రాయల్ సొసైటీకి ఒక లేఖ రాశాడు. రోజూ ఉదయం ఉప్పుతో పళ్లు రుద్దుతానని, పుల్లతో సందులు తీస్తానని, గుడ్డతో తుడుస్తానని అందులో చెప్పుకున్నాడు. అంత చేసినా పళ్ల మధ్య తడిపిండిలాంటి తెల్లని పదార్థం మిగిలింది. దాన్ని కటకం కింద పెడితే చిన్న చిన్న జీవులు చకచకా కదిలాయి. ఎప్పుడూ నోరు శుభ్రం చేసుకోని ఒక ముసలాయన నోటి పదార్థాన్నీ చూశాడు. అందులో అవి లెక్కకు మించి ఉన్నాయి.

ఈ లేఖను విజ్ఞానశాస్త్ర చరిత్రలో బాక్టీరియాను చూసిన తొలి ఆధారాల్లో ఒకటిగా చెబుతారు. మనకు ఇంకో కారణంగా ముఖ్యం. "నేను రోజూ శుభ్రం చేసుకుంటాను" అన్న తన మాటను లీవెన్‌హుక్ తానే తనిఖీ చేశాడు. మాట నిజమే, పళ్లు మాత్రం పూర్తిగా శుభ్రపడలేదు. అలవాటు ఉండడం వేరు, ఆ అలవాటు పని చేయడం వేరు.

సాధనాల చరిత్రను త్వరగా దాటుదాం. మన దేశంలో వేప, గానుగ, ఉత్తరేణి పుల్లల వాడుక చాలా పాతది. పందుంపుల్ల నమలడాన్ని ఆయుర్వేద గ్రంథాలు దినచర్యలో భాగంగానే చెప్పాయి. వెంట్రుకల బ్రష్ చైనాలో 15వ శతాబ్దం నాటికే ఉంది. 1938లో అమెరికాలో పంది వెంట్రుకల స్థానంలోకి నైలాన్ వచ్చింది. 1954లో స్విట్జర్లాండ్‌లో ఫిలిప్ గీ వూగ్ కరెంటు బ్రష్‌ను రూపొందించాడు. ఇవన్నీ తోమడాన్ని సులభం చేశాయి. తోమారా లేదా అన్నది మాత్రం ఏదీ చెప్పలేదు. 20వ శతాబ్దం మధ్యలో వాడుకలోకి వచ్చిన రంగు బిళ్లలు కొంత చెప్పాయి. నమిలితే పాచి ఉన్న చోట ఎర్రగా మరక పడుతుంది, అద్దంలో ఎవరికి వారే చూసుకోవచ్చు.

పన్నెండు మంది, నాలుగువందల ఎనభై మంది

పాచికీ చిగుళ్లవాపుకూ సంబంధం ఉందని వైద్యులు ఎంతోకాలంగా అనుకుంటున్నారు. దాన్ని మనుషుల్లో స్పష్టంగా చూపింది 1965లో హెరాల్డ్ లో, ఆయన సహచరులు డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో చేసిన ప్రయోగం. ఆరోగ్యవంతులైన 12 మంది, ఎక్కువగా దంతవైద్య విద్యార్థులు, పళ్లు తోమడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక సుమారు వారంలో తగ్గాయి. ప్రయోగం చిన్నదే. కానీ ఇంట్లో చేసే పనికి వైద్యం హోదా తెచ్చింది.

అదే లో బృందం 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది తమిళ కూలీలను పరీక్షించింది. బ్రిటిష్ కాలంలో దక్షిణ భారతం నుంచి తోటపనికి తీసుకువెళ్లిన కుటుంబాల వారసులు వీరు. వారికి బ్రష్ అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. వైద్యం తగలని జబ్బు ఎలా నడుస్తుందో తెలుసుకోవడం పరిశోధన లక్ష్యం. 1985 దాకా మళ్లీ మళ్లీ కొలతలు తీసుకున్నారు. 8 శాతం మందిలో జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతంలో మధ్యస్థంగా సాగింది, 11 శాతంలో చిగుళ్లవాపును దాటి పోలేదు. జబ్బు అందరిలో ఒకేలా ఉండదన్న నేటి అవగాహనకు ఈ అంకెలే పునాది. 2010లో బతికి ఉన్నవారిని వెతికి మరోసారి పరీక్షించారు కూడా.

ఇక్కడ కాస్త ఆగండి. ఆర్హుస్‌లో తోమడం మానినవారు మూడు వారాల్లో మళ్లీ బ్రష్ పట్టుకున్నారు. తోట కూలీల విషయంలో పరిశీలన 15 ఏళ్లు సాగింది. దాదాపు అదే కాలంలో, 1970ల మొదట్లో, స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్‌లో పెర్ ఆక్సెల్‌సన్, యాన్ లిందే మరో అధ్యయనం ప్రారంభించారు. 375 మందిని రెండు మూడు నెలలకోసారి పిలిచి, పళ్లు శుభ్రం చేసి, తోమే పద్ధతిని మళ్లీ మళ్లీ నేర్పారు. 180 మందికి మామూలుగా ఏడాదికోసారి వైద్యం. ఆరేళ్లకు తేడా ఎంత స్పష్టమైందంటే, రెండో గుంపును అలాగే కొనసాగించలేదు. మొదటి గుంపులో 30 ఏళ్లు నిలిచినవారు సగటున రెండు పళ్లు కూడా కోల్పోలేదు. ఒకచోట కొలవడం ఉంది, మరోచోట కొలిచాక పిలిచి నేర్పడం ఉంది. నా దృష్టిలో ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదవకపోతే స్మార్ట్ బ్రష్ చరిత్ర అర్థం కాదు.

జేబులోకి వచ్చిన పిలుపు

కార్ల్‌స్టాడ్ పద్ధతికి శిక్షణ పొందిన సిబ్బంది, సమయం, డబ్బు కావాలి. రెండు నెలలకోసారి పిలవలేని చోట ఏం చేయాలి? జవాబు దంతవైద్యం నుంచి కాక వేరే దారిలో వచ్చింది. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో తొలి ఎస్సెమ్మెస్ వెళ్లింది. పదిహేనేళ్లు తిరిగేసరికి అది వైద్యుల చేతికి వచ్చింది. కెన్యాలో 2007-08లో 538 మంది హెచ్ఐవీ రోగులతో ఒక పరీక్ష జరిగింది. సగం మందికి నర్సు వారానికోసారి స్వాహిలీలో "మాంబో?" అని సందేశం పంపేది, అంటే "ఎలా ఉన్నావు?" అని. "సావా" అంటే బాగున్నట్టు, "షిడా" అంటే ఇబ్బంది ఉన్నట్టు. ఇబ్బంది ఉందన్నవారికీ, రెండు రోజులైనా జవాబివ్వనివారికీ నర్సు ఫోన్ చేసేది. సందేశాలు అందుకున్నవారిలో 62 శాతం మంది మందులు సరిగా వాడారు, మిగతావారిలో 50 శాతం. మందు వేసుకోమని ఆ సందేశం గుర్తుచేయలేదు, గమనించారా? అది కుశలం అడిగింది.

మన దేశంలో 2016లో ప్రభుత్వం పొగాకు మానాలనుకునేవారికి సందేశాలు పంపే పథకాన్ని ప్రారంభించింది. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, నమోదవుతారు. పొగతాగడం చిగుళ్ల వ్యాధిని పెంచుతుంది, గీకి శుభ్రం చేశాక మానడాన్నీ ఆలస్యం చేస్తుంది. కాబట్టి ఆ పథకానికి మన అంశంతో నేరుగా చుట్టరికం ఉంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి నోటి ఆరోగ్యానికి సెల్‌ఫోన్ ఎలా వాడాలో ఒక మార్గదర్శిని వెలువరించాయి.

ఈలోగా బ్రష్ మారింది. 2014లో ఫ్రాన్స్‌కు చెందిన కొలిబ్రీ, ఆ వెంటనే ఓరల్-బి, ఫోన్‌తో మాట్లాడే బ్రష్‌లను ప్రదర్శించాయి. పిడిలోని సెన్సర్లు కదలికను, కొన్ని రకాల్లో నొక్కుడును కూడా పసిగట్టి బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు పంపుతాయి. ఏ పూట, ఎంతసేపు, నోట్లో ఏ వైపు, ఎంత గట్టిగా అన్నది నమోదవుతుంది. మూడు శతాబ్దాలుగా వెతికిన సాక్షి దొరికినట్టే కనిపించింది.

అయితే ఏ సాక్షినైనా మనం అడ్డుప్రశ్నలు వేయాలి. బ్రష్ పిడి కదలికను చెబుతుంది, పాచి పోయిందో లేదో చెప్పదు. చిగుళ్ల వ్యాధిలో కీలకమైన పళ్ల సందుల్లో దారంతోనో చిన్న బ్రష్‌తోనో చేసే పని దానికి తెలియదు. పిల్లవాడు నాన్న బ్రష్‌తో ఆడుకుంటే అది నాన్న ఖాతాలోకే వెళ్తుంది. ఇక ఆ నమోదు ఎవరి చేతికి వెళ్తుంది? అమెరికాలో బీమ్ అనే సంస్థ బ్రష్‌తోపాటు దంత బీమానూ అమ్మింది. ఉద్యోగుల బృందం ఎంత బాగా తోముకుంటే ప్రీమియం అంత తగ్గించే పద్ధతి పెట్టింది. తోమినవారికి లాభమే. తోమలేనివారి సంగతి? రాత్రి డ్యూటీలు చేసేవారు, చేతులు వణికే ముసలివారు?

లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ దంతవైద్యులు, హార్వర్డ్ గణాంకవేత్తలు కలిసి ఓరలిటిక్స్ పేరుతో చేసిన ప్రయోగం ఈ రెండు దారులనూ కలిపింది. బ్రష్ నమోదును చదివి, ఉదయం, రాత్రి తోముకునే వేళకు ముందు సందేశం పంపాలా వద్దా అని ఒక ప్రోగ్రామ్ నిర్ణయిస్తుంది. వద్దు అన్న నిర్ణయం కూడా అవసరమేనని వారు గుర్తించారు. రోజూ రెండుపూటలా మోగే సందేశాన్ని మనిషి కొద్దిరోజుల్లోనే చూడకుండా తుడిచేస్తాడు. బ్యాంకు, రీచార్జి సందేశాలతో మీకు ఇది అనుభవమే. కెన్యా నర్సు వారానికి ఒక్కసారే అడిగింది, జవాబు రాకపోతే ఫోన్ చేసింది. ఓరలిటిక్స్‌లో ఎప్పుడు ఊరుకోవాలో యంత్రం నేర్చుకుంటోంది. ఊరుకున్న తర్వాత ఫోన్ చేసే మనిషిని ఏ ఆసుపత్రి జీతమిచ్చి పెడుతుందన్నది ఇంకా తేలలేదు.

ఈ పాఠానికి ఒక చిన్న అభ్యాసం. మీరు రోజూ ఎన్ని నిమిషాలు తోముకుంటారో ముందుగా ఒక కాగితం మీద అంచనా రాసి మడిచిపెట్టండి. తర్వాత ఏడు రోజులు గడియారం చూసి రెండుపూటలా నిజమైన సమయం రాయండి. మరచిన పూటలకు సున్నా వేయండి. రెండు కాగితాలనూ సంపర్క తరగతికి తీసుకురండి. రెండోదాన్ని ఇతరులకు చూపడానికి ఏ రోజు లెక్క దగ్గర జంకారో, ఎందుకో కూడా అదే కాగితం కింద రాయండి.