విద్యార్థుల వస్తు రూపకల్పన పోటీలు – కోనసీమ కొబ్బరి డొక్క నేర్పే పాఠం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ విస్తరించిన కోనసీమలో కొబ్బరిచెట్టుకు పనికిరాని భాగమంటూ లేదన్నది తరతరాల మాట. ఆకు పందిరికి, ఈనె చీపురుకు, చిప్ప వంటచెరకుకు, మాను దూలానికి ఉపయోగపడుతున్నాయి. అయినప్పటికీ అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో రహదారుల ప్రక్కన, కాలువ గట్లపైన కొబ్బరి డొక్కలు, పీచు తీయగా మిగిలిన పొట్టు కుప్పలుగా కనిపించడం కద్దు. వనరు వ్యర్థంగా మారుతున్న ఈ స్థితిని మార్చగల సాధనాలలో వస్తు రూపకల్పన ఒకటి. పాఠశాల, కళాశాల విద్యార్థులకై జరిగే రూపకల్పన పోటీలకు ఈ ప్రాంతంలో ప్రాధాన్యం ఏర్పడుతున్నది ఇందువల్లనే. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పడిన తరువాత జిల్లాస్థాయి ప్రదర్శనలు విద్యార్థులకు మరింత చేరువయ్యాయి.

చెంబు నుంచి మొదలైన ఆలోచన

దేశంలో రూపకల్పన విద్యకు పునాది వేసిన పత్రం 1958లో వెలువడింది. భారత ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన అమెరికా రూపకర్తలు ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు సమర్పించిన ఆ నివేదికలో ఆదర్శ వస్తువుగా చూపినది మన ఇళ్ళలోని చెంబును. ఎంత నీరు పట్టాలి, నిండుగా ఉన్నపుడూ ఖాళీగా ఉన్నపుడూ ఎలా నిలబడాలి, చంకలో ఎలా ఇమడాలి, ధర ఎంత, పాతబడిన తరువాత ఆ లోహానికి విలువ ఏమిటి అన్న ప్రశ్నలన్నిటికీ ఆ పాత్ర సమాధానమని వారు వివరించారు. వాడుక ముగిసిన తరువాత వస్తువు ఏమవుతుందన్న ప్రశ్న నేటి పర్యావరణ హిత రూపకల్పనకు మూలసూత్రం. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన జాతీయ డిజైన్ సంస్థ 2015లో తరగతులు ప్రారంభించి, 2019 చట్ట సవరణతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందింది.

విద్యార్థులకు గల వేదికలు

పాఠశాల స్థాయిలో ప్రధానమైనది కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, జాతీయ నవకల్పన సంస్థ కలసి నిర్వహిస్తున్న ఇన్‌స్పైర్ అవార్డ్స్ – మనక్ పథకం. ప్రతి పాఠశాల ఐదు ఉత్తమ ఆలోచనలను పంపవచ్చు. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ నిమిత్తం రూ.10,000 బ్యాంకు ఖాతాలో జమచేస్తారు. అనంతరం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో ప్రదర్శనలు ఉంటాయి. తొలుత 6 నుంచి 10 తరగతులకు పరిమితమైన ఈ పథకాన్ని ఇటీవల 11, 12 తరగతులకు విస్తరించారు. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద పాఠశాలలలో టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటవుతున్నాయి. ఇంజనీరింగ్ విద్యార్థులకు 2017 నుంచి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అందుబాటులో ఉన్నది.

అంతర్జాతీయంగా జేమ్స్ డైసన్ అవార్డు పేర్కొనదగినది. 2019లో ఈ బహుమతి పొందిన బ్రిటన్ విద్యార్థిని లూసీ హ్యూస్ చేపల శుద్ధిలో మిగిలే చర్మం, పొలుసులను ఎర్ర నాచుతో కలిపి, నేలలో కలిసిపోయే పలుచని పొరను తయారుచేశారు. 2020లో తొలిసారిగా ప్రవేశపెట్టిన పర్యావరణ విభాగపు బహుమతి ఫిలిప్పీన్స్ విద్యార్థి కార్వీ మైగ్‌కు లభించింది. వృథా అయిన పంట నుంచి తీసిన పదార్థంతో అతడు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను విద్యుత్తుగా మార్చే ఫలకాన్ని రూపొందించాడు. ఈ ఇద్దరూ తమ చుట్టుప్రక్కల పారవేస్తున్న వస్తువు నుంచే మొదలుపెట్టడం గమనార్హం.

కోనసీమ ముందున్న అంశాలు

కొబ్బరి డొక్కలో సుమారు 30 శాతం పీచు, మిగిలినది పొట్టు. లిగ్నిన్ అధికంగా ఉన్నందున పొట్టు త్వరగా కుళ్ళదు. అయితే తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచగలదు. 1953 కాయర్ పరిశ్రమ చట్టం క్రింద ఏర్పడిన కాయర్ బోర్డు, ఈ పొట్టును ఎరువుగా మార్చేందుకు పుట్టగొడుగుల జాతి శిలీంధ్రంతో ‘పిత్‌ప్లస్’ అనే పదార్థాన్ని అందుబాటులోకి తెచ్చింది. పొరుగున తూర్పు గోదావరి జిల్లాలోని కడియం నర్సరీలలో మొక్కలను నల్లని పాలిథిన్ సంచులలో పెంచడం వాడుక. పీచు, పొట్టుతో చేసిన కుండీ అయితే మొక్కతోసహా నేలలో నాటవచ్చు. కాని పచ్చి పొట్టులోని లవణాలను ముందుగా కడగాలి. ఆ కడిగిన నీరు ఎక్కడికి పోవాలన్నది కూడా రూపకల్పనలో భాగమే. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ ద్వారా చొరబడిన ఉప్పునీటితో కొబ్బరి తోటలు దెబ్బతిన్న అనుభవం ఉన్నచోట ఈ ప్రశ్నను విస్మరించరాదు.

పీచుతో నేసిన భూవస్త్రాన్ని గ్రామీణ రహదారులలో వినియోగించేందుకు 2020లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడవ దశలో అనుమతి లభించింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 164 కిలోమీటర్లు ప్రతిపాదించారు. ఈ వస్త్రం మట్టిని పట్టి ఉంచి, నీటిని వడకట్టి, గడ్డి వేళ్ళూనిన తరువాత క్రమంగా నేలలో కలిసిపోతుంది. అయితే లంక గ్రామాలలో వరద ఉధృతి నేరుగా తాకే ఒడ్డుకు ఇది ఒక్కటే చాలదు. ఎక్కడ చాలుతుందో, ఎక్కడ చాలదో పరీక్షించి చెప్పడమే మంచి ప్రాజెక్టు లక్షణం.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. తేమ తగిలితే మెత్తబడి, ఒత్తిడి తగిలితే విరిగిపోయే ఈ రేకులను ప్లాస్టిక్ లేకుండా దూరప్రాంతాలకు పంపడం ఎలాగన్నది విద్యార్థులు చేపట్టదగిన మరొక సమస్య. కొబ్బరి దింపు కార్మికుల భద్రత ఇంకొకటి. కేరళలోని కన్నూరు జిల్లాకు చెందిన ఎం.జె. జోసెఫ్ అనే రైతు రూపొందించిన చెట్టెక్కే సాధనం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. చెట్టు ఎక్కేవారి కష్టం తెలిసినందువల్లనే అది సాధ్యమైంది.

ప్రదర్శనకు ముందు తీసుకోవలసిన జాగ్రత్త

ప్రదర్శనలో నమూనాను బహిరంగపరచిన తరువాత దానిపై హక్కు కోరడం కష్టమన్న విషయం పలువురు విద్యార్థులకు తెలియదు. 2000 డిజైన్ల చట్టం ప్రకారం నమోదుకు వస్తువు రూపం కొత్తదై ఉండాలి. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలకు మాత్రం మినహాయింపు కలదు. అందుకు ముందుగా కంట్రోలర్‌కు తెలియజేసి, ప్రదర్శించిన నాటి నుంచి ఆరు నెలలలోగా దరఖాస్తు చేయాలి. నమోదైన డిజైన్‌కు 10 సంవత్సరాలు, పొడిగింపుతో మరి 5 సంవత్సరాలు రక్షణ లభిస్తుంది. పేటెంటు కోరే విద్యాసంస్థలకు 2021 నిబంధనల సవరణతో రుసుములో 80 శాతం రాయితీ వర్తిస్తున్నది. కనుక మార్గదర్శక ఉపాధ్యాయులు దరఖాస్తు విషయాన్ని ప్రదర్శన తేదీకి ముందే ఆలోచించడం శ్రేయస్కరం.

బహుమతి తరువాత

పోటీలో గెలిచిన నమూనా ప్రయోగశాల అలమరలో మిగిలిపోతే విద్యార్థికి ప్రశంసాపత్రం దక్కుతుంది గాని, కాలువ గట్టుపై పొట్టు కుప్ప తరగదు. ముడిసరుకు ఎక్కడ నుంచి వస్తుంది, ఎవరు తయారుచేస్తారు, చెడితే ఎవరు బాగుచేస్తారు, చివరకు ఏమవుతుంది అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం ప్రాజెక్టు నివేదికలోనే ఉండాలి. పీచు తీసే యంత్రం వద్ద పనిచేసే మహిళను, డొక్క ఒలిచే కార్మికుని, నర్సరీ రైతును అడిగి తెలుసుకొన్న విద్యార్థి రూపొందించిన వస్తువే వారి చేతిలో నిలుస్తుంది. డొక్కకు ధర పలికిననాడు దానిని కాలువలో పారవేసేవారుండరు. కోనసీమ విద్యార్థుల కృషికి అదే నిజమైన బహుమతి కాగలదు.