ముల్కీ పోరాటమున విద్యార్థులు

1956 ఫిబ్రవరిలో ఢిల్లీ నగరమున ఆంధ్ర, తెలంగాణ నాయకుల నడుమ కుదిరిన పెద్దమనుషుల ఒప్పందము తెలంగాణకు వాగ్దానము చేసిన రక్షణలు పలు గలవు గాని, సామాన్య గృహస్థునకు వానిలో ప్రత్యక్షముగ తెలియవచ్చునది ఉద్యోగమొక్కటియే. నైజాము కాలమునుండి వచ్చుచున్న ముల్కీ నిబంధనలచే స్థానికులకు చెందవలసిన కొలువులలో గైర్‌ముల్కీలు అనబడు స్థానికేతరులు, కొందరు బోగస్ సర్టిఫికెట్లతోడను, ప్రవేశించుచున్నారను ఆవేదన పండ్రెండేండ్లు లోలోపల రగిలి, పాల్వంచ విద్యుత్కేంద్రమున ఆందోళనగా బయల్పడి, 1969 జనవరిలో ఖమ్మమున రవీంద్రనాథ్ అను విద్యార్థి నిరాహారదీక్షకు పూనుటతో ఉస్మానియా ప్రాంగణము వరకు ప్రాకెను.

ఆదిలో విద్యార్థులందరును ప్రత్యేకరాష్ట్రమును కోరినవారు కారు. రక్షణల అమలు చాలునన్నవారును వారిలో కలరు. ఈ సంగతిని చరిత్రకారులు తరచుగ విస్మరింతురు. జనవరి 21న గైర్‌ముల్కీలను వెనుకకు పంపుటకై ప్రభుత్వము 36వ నంబరు జీవో వెలువరించెను; కాని మార్చి చివర సుప్రీంకోర్టు, ఆ రక్షణలకాధారమైన 1957 నాటి చట్టములోని నివాసనిబంధన రాజ్యాంగవిరుద్ధమని తీర్పుచెప్పగా, మధ్యేమార్గమున నిలిచినవారికి నిలువనీడ లేకపోయెను. పిమ్మట తరగతులు మూతపడినవి, పరీక్షలు వెనుకబడినవి, చెరసాలలు నిండినవి, తుపాకులు పేలినవి. అసువులు బాసినవారు 369 మంది యని తెలంగాణమున నేటికిని జనులు చెప్పుకొందురు. ప్రభుత్వపు లెక్క అంతకు మిక్కిలి తక్కువ. ఆ మృతులలో పెక్కుమంది మీసకట్టు తీరని యువకులని తలచినప్పుడెల్ల నా మనస్సు కలగును.

ఉద్యమపు పగ్గములు క్రమముగ పెద్దల చేతికి పోయెను. మర్రి చెన్నారెడ్డి నాయకత్వమున తెలంగాణ ప్రజాసమితి 1971 మార్చి లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణలోని 14 స్థానములలో పదింటిని గెలుచుకొనెను. విద్యార్థినాయకుడు మల్లికార్జున్ మెదకునుండి పార్లమెంటున కేగెను. ఆ విజయమునకు ఆరునెలలు నిండునంతలో, సెప్టెంబరున, సమితి కాంగ్రెసులో విలీనమయ్యెను. ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి దిగిపోయెను, తెలంగాణ బిడ్డయగు పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రియయ్యెను. రాజకీయముగ నిది అల్పవిషయము కాదు. ఐనను ఓట్లువేసిన ప్రజలు కోరినది ముఖ్యమంత్రి మార్పు కాదు, రాష్ట్రము. చదువు చెడి, తోటివారిని కోల్పోయిన విద్యార్థికి ఆ విలీనమున దక్కినదేమో నాకు గోచరింపదు.

మరుసటియేట సుప్రీంకోర్టు నైజాము నాటి ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పునీయగా ఈసారి కోస్తా, రాయలసీమల విద్యార్థులు ప్రత్యేకాంధ్రను కోరుచు జై ఆంధ్ర యని వీథులకెక్కిరి. ఈ వివాదమును చల్లార్చుటకై 1973 సెప్టెంబరున ఆరుసూత్రముల పథకము వచ్చెను. ఆ సంవత్సరాంతముననే పార్లమెంటు ముల్కీ నిబంధనలను రద్దుచేసెను. 1978లో చెన్నారెడ్డి సమైక్య ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రియయ్యెను.