లారీ క్యాబిన్ మారిస్తే బండి గుర్తింపు మారుతుందా? చట్టం ఏం చెబుతోంది?

ఎదురుగా వచ్చే బండిని ఢీకొన్నా, ఆగి ఉన్న ట్రాలీని వెనక నుంచి గుద్దినా లారీలో ముందుగా నుజ్జయ్యేది క్యాబినే. ఛాసిస్, ఇంజిన్, వెనక బాడీ బాగుంటే యజమాని బండిని తుక్కుకు వేయడు. మరో క్యాబిన్ ఎక్కించి మళ్లీ రోడ్డు మీదికి తెస్తాడు. విజయవాడ ఆటోనగర్ నుంచి తమిళనాడులోని నామక్కల్ దాకా లారీ షెడ్లకు ఇది అలవాటైన పనే. అయితే ఆ తర్వాత బండిని తనిఖీ చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ), పోలీసు, బీమా సర్వేయరు, రేపు దాన్ని కొనబోయే వ్యక్తి అడిగే ప్రశ్న ఒక్కటే: కాగితాల్లో ఉన్న బండి ఇదేనా?

చట్టం దృష్టిలో లారీ అంటే దాని ఛాసిస్. కానీ రోడ్డు మీద ఆ లారీని గుర్తుపట్టించే ఆనవాళ్లు ఎక్కువగా క్యాబిన్ మీదే ఉంటాయి. చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

గుర్తింపు ఛాసిస్‌ది

ఆర్సీలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఉంటాయి. క్యాబిన్ నంబరు అనే గడి ఉండదు. ఛాసిస్ నంబరును లారీ ఫ్రేమ్ మీదే పంచ్ చేస్తారు. ఇప్పటి నంబర్లలో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. 1, 0లతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను వాడరు. మొదటి మూడు స్థానాలు తయారీదారును తెలుపుతాయి. ఎంఏటీ అంటే టాటా మోటార్స్, ఎంబీ1 అంటే అశోక్ లేలాండ్.

కాబట్టి క్యాబిన్ మారినంత మాత్రాన బండి మారినట్టు కాదు, కొత్త రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఫ్రేమ్ మీది నంబరు ఆర్సీతో సరిపోలకపోతే మాత్రం, యజమాని వాదన విన్న తర్వాత రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 55(5) ఇస్తోంది. అందుకే క్యాబిన్ పని జరిగేటప్పుడు నంబరు ఉన్న చోట గ్రైండింగ్, వెల్డింగ్, మందపాటి పెయింటు పడకుండా చూసుకోవాలి. తుప్పు పట్టి నంబరు కనిపించకపోతే షెడ్డులో మళ్లీ కొట్టించడం నేరారోపణను కొనితెచ్చుకోవడమే. ఆ పని రవాణా శాఖ అనుమతితోనే జరగాలి.

విడిగా ఫ్రేమ్ లేని చిన్న వ్యాన్ల సంగతి వేరు. వాటిలో నంబరు బాడీలోనే ఉంటుంది కనుక, ఆ భాగం కోస్తే గుర్తింపే పోతుంది.

రిపేరా, మార్పా?

సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. వాహన మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపరమైన తేడానే చట్టం ‘మార్పు’ అంటోంది. 2019 జనవరి 9న కేరళ ఆర్టీఓ, కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. తయారీదారు అసలు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పు చెల్లదని, ఆర్సీలోని మిగతా వివరాల్లో తేడాలను నమోదు చేయించుకోవచ్చని వివరించింది.

దీన్ని క్యాబిన్‌కు అన్వయిస్తే మూడు రకాల సందర్భాలు కనిపిస్తాయి.

అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే అదే రకం క్యాబిన్ వేస్తే అది రిపేరు కిందికి వస్తుంది. రంగు మారితే మాత్రం ఆర్సీలో నమోదు చేయించాలి.

డే క్యాబిన్ తీసి స్లీపర్ క్యాబిన్ వేస్తే సీట్ల సంఖ్య, ఖాళీ బరువు మారవచ్చు. ఇది ముందస్తు అనుమతి లేకుండా చేయదగ్గ పని కాదు. లారీకి అనుమతించిన మొత్తం బరువు పెరగదు కనుక, క్యాబిన్ 200 కిలోలు బరువెక్కితే సరుకు 200 కిలోలు తగ్గించాలి. తగ్గించకపోతే అది ఓవర్‌లోడ్. దానికి జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000.

మూడోది వేరే కంపెనీ క్యాబిన్ తగిలించడం, లేదా కంపెనీ క్యాబిన్ బదులు షెడ్డులో కట్టిన రేకు క్యాబిన్ వేయడం. ప్రమాదంలో లోపలి మనుషులకు ప్రాణం నిలిచేంత చోటు మిగలాలని చెప్పే ఏఐఎస్-029, లారీ బాడీలకు సంబంధించిన ఏఐఎస్-093 లాంటి ప్రమాణాలు ఇక్కడ అడ్డొస్తాయి. నిబంధన కాగితం మీదిదే అయినా, దాని వెనక ఉన్నది డ్రైవరు ప్రాణం.

అనుమతి లేని మార్పుకు 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బండి రుణం మీద ఉంటే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక సమ్మతి ముందే తీసుకోవడం మంచిది.

పాత క్యాబిన్‌తో పాటు పోయేవి

క్యాబిన్ దించినప్పుడు దానితో పాటు కొన్ని గుర్తింపు ఆనవాళ్లు కూడా దిగిపోతాయి.

హై సెక్యూరిటీ నంబరు ప్లేటును మళ్లీ తీయడానికి వీల్లేని స్నాప్ లాక్‌తో బిగిస్తారు. ముందు ప్లేటు ఊడదీస్తే ఆ లాక్ విరుగుతుంది. దాన్ని మామూలు బోల్టులతో బిగించుకోకూడదు, అధీకృత ఏజెన్సీ దగ్గరే వేయించాలి.

అద్దం లోపలి వైపు అంటించే హోలోగ్రామ్ స్టిక్కర్‌ను మూడో రిజిస్ట్రేషన్ గుర్తుగా పరిగణిస్తారు. అందులో రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కూడా ఉంటాయి. వేరే లారీ నుంచి తెచ్చిన క్యాబిన్ అద్దం మీద పాత స్టిక్కర్ ఉండిపోతే, బండి తన మీద మరో బండి పేరు మోసుకు తిరుగుతున్నట్టే.

ఫాస్టాగ్ కూడా అంతే. అది నిర్ణీత వాహనానికే చెల్లుతుంది. పగిలిన అద్దం మీది ట్యాగును బ్యాంకుకు చెప్పి మూయించి, కొత్తది తీసుకోవాలి.

కొన్ని మోడళ్లలో తయారీదారు రేకు ప్లేటు క్యాబిన్‌లోనే ఉంటుంది. దాత క్యాబిన్‌లో అలాంటిది ఉంటే, అందులో ఉన్నది వేరే ఛాసిస్ నంబరు. దాన్ని సొంతంగా పీకేయడం, తన పాత ప్లేటును రివెట్లు కొట్టి బిగించడం రెండూ అనుమానానికి తావిస్తాయి. ముందుగా ఫొటోలు తీసి, ఎంవీఐకి చూపి, కంపెనీ డీలరు ద్వారా సరిచేయించుకోవడం క్షేమం. నేషనల్ పర్మిట్ రాతలు, బరువుల వివరాలు, రిఫ్లెక్టివ్ టేపులు కూడా మళ్లీ వేయించాలి.

సెకండ్ హ్యాండ్ క్యాబిన్ ఎక్కడిది?

కొత్త క్యాబిన్ ఖరీదు భరించలేక చాలామంది పాతదాన్ని వెతుకుతారు. అది తప్పు కాదు. బిల్లు లేకుండా కొనడమే ప్రమాదం. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

ఈ విషయంలో పోలీసుల అనుమానం ఊరికే పుట్టింది కాదు. ప్రమాదంలో పూర్తిగా పాడైన లారీ ఆర్సీని కొని, దొంగిలించిన లారీకి తగిలించడం పాత ఎత్తుగడ. తుక్కు కింద కొన్న బీఎస్-3 లారీలను నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టర్ చేయించి ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చారన్న ఆరోపణపై 2020లో అనంతపురం జిల్లాలో కేసులు నమోదయ్యాయి. ఇలాంటి సందేహం వచ్చినప్పుడు రంగు, క్యాబిన్ ఏమీ తేల్చలేవు. ఛాసిస్ నంబరును తయారీదారు రికార్డుతో పోల్చాల్సిందే. 2021 స్క్రాపింగ్ నిబంధనల్లో ఛాసిస్ నంబరు ఉన్న ముక్కను కోసి ఆరు నెలలు భద్రపరచాలని పెట్టింది కూడా ఇందుకే. నమోదిత స్క్రాపింగ్ కేంద్రం ఇచ్చే బిల్లు, దాత వాహనం నంబరు రాసిన రసీదు ఉంటే కొన్నవాడికి రక్షణ.

ప్రమాదం తర్వాత ఏది ముందు?

కేసు నమోదైతే సెక్షన్ 136 కింద ఎంవీఐ తనిఖీ, ఆపై బీమా సర్వే పూర్తయ్యాకే క్యాబిన్ విప్పాలి. అంతకుముందు విప్పితే సాక్ష్యం చెరిపినట్టవుతుంది, క్లెయిమ్ కూడా వివాదంలో పడుతుంది. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే సాధారణంగా టోటల్ లాస్‌గా లెక్కిస్తారు. అప్పుడు క్యాబిన్ కొనే ముందే ఆర్సీ సంగతి తేల్చుకోవాలి. సరుకు రవాణా లారీ పాలసీలో ఐఎంటీ-23 అనే అదనపు కవర్ లేకపోతే బంపరు, లైట్లు, మడ్‌గార్డులు, పెయింటు ఖర్చు రాకపోవచ్చు. క్యాబిన్ పనిలో ఇవి చిన్న మొత్తాలు కావు.

పని పూర్తయ్యాక పాత, కొత్త క్యాబిన్ల ఫొటోలు, ఫ్రేమ్ మీది నంబరు ఫొటో, కొనుగోలు బిల్లు, షెడ్డు బిల్లు, సర్వే రిపోర్టు, ఆర్టీఓకు పెట్టిన దరఖాస్తు నకలు ఒకే ఫైలులో ఉంచుకోవాలి. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ప్రతిసారీ ఈ ఫైలు అవసరపడవచ్చు. ఒక్క లారీ మీదే కుటుంబం బతికే యజమానికి, బండి ఒక నెల స్టేషన్ ఆవరణలో నిలిచిపోతే పోయేది కిరాయి మాత్రమే కాదు. ఆ నెల వాయిదా కూడా ఆగదు.