గౌతు లచ్చన్న: ఉద్దానం నుంచి శాసనసభ దాకా, మిగిలిపోయిన భూమి ప్రశ్న

సర్దార్ గౌతు లచ్చన్న (1909–2006) పేరు పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతాల్లో తెలియనివారు తక్కువ. రైతు నాయకుడిగా, కల్లుగీత కార్మికుల నాయకుడిగా ఆయన్ను గుర్తు చేసుకుంటాం. బహుజన రాజకీయాలు చదివే విద్యార్థులకు ఆయన జీవితం మరో కారణం వల్ల కూడా ముఖ్యం. వెనుకబడిన కులం నుంచి వచ్చిన నాయకుడు ఎంత దూరం వెళ్లగలిగాడో, ఆ ప్రయాణంలో ఎవరి సమస్య వెనకబడిపోయిందో రెండూ అందులో కనిపిస్తాయి.

సంఘం చూపిన దారి

లచ్చన్న ఉద్దానం తీరంలోని బారువలో కల్లుగీత కులంలో పుట్టారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంతో ఉద్యమంలోకి వచ్చి, తర్వాత ఎన్.జి. రంగా రైతు ఉద్యమంలో పనిచేశారు. పత్రిక నుంచి చట్టసభకు వెళ్లిన దారి మనకు అంబేద్కర్ జీవితంలో తెలుసు. ఆయన 1920లో ‘మూక్‌నాయక్’ పెట్టారు, 1927లో బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో అడుగుపెట్టారు. ఉద్దానంలో అలాంటి వేదికను రైతు సంఘాలు, గీత కార్మికుల పోరాటాలు ఇచ్చాయి.

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే అరెస్టయ్యారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవిపై హక్కు కోసం నిలబడ్డ రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. వీర గున్నమ్మతో పాటు మరికొందరు చనిపోయారు.

ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వం

మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. దాంతో గీత కులాల జీవనాధారం పోయింది. 1953లో ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రంలోనూ అదే చట్టం కొనసాగింది. నిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసినా టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. లచ్చన్న గీత కార్మికుల సత్యాగ్రహాన్ని నడిపారు. 1954 నవంబరు 6న ఆయన పెట్టిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, ప్రభుత్వం కూలింది. గీత కార్మికుల కూడు సమస్య రాష్ట్ర రాజకీయాన్నే మార్చేసింది. 1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు. సోంపేట నుంచి పలుమార్లు గెలిచి, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడిగానూ పనిచేశారు.

పట్టా ఎవరికి దక్కింది?

1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ రైతుకు రైత్వారీ పట్టా ఇచ్చింది. ఆ రైతు పొలంలో పనిచేసే భూమిలేని కూలీకి ఇవ్వలేదు. ‘రైతు’ అనే మాట కింద పట్టాదారు, కూలీ ఒకటే అయిపోయారు. కూలీల్లో ఎక్కువమంది దళితులన్న సంగతి ఆ మాట వెనక మరుగునపడింది. 1959లో రాజాజీ, రంగా తదితరులు స్వతంత్ర పార్టీ పెట్టారు. సహకార వ్యవసాయాన్ని, భూపరిమితిని ఆ పార్టీ వ్యతిరేకించింది. లచ్చన్న అందులో ముఖ్య నాయకుడు. గీత కార్మికుడి జీవనాధారం కోసం ప్రభుత్వాన్నే పడగొట్టిన నాయకుడు భూమి పంపకం దగ్గర ఆ పార్టీ వైపే నిలబడ్డారు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఆయన రాజకీయం మనకు సగమే అర్థమవుతుందని మేం భావిస్తున్నాం.

నేటి సీట్ల లెక్క

లచ్చన్న కుమారుడు గౌతు శ్యాంసుందర్ శివాజీ సోంపేట, పలాసల నుంచి శాసనసభకు వెళ్లారు. మనవరాలు గౌతు శిరీష 2024లో పలాసలో గెలిచారు. ఒక గీత కుటుంబానికి మూడు తరాలుగా ఈ తీరంలో రాజకీయ స్థానం నిలబడింది.

దళితుల లెక్క వేరు. ఒకప్పుడు జిల్లాలోని ఎస్సీ రిజర్వుడు సీట్లలో ఎచ్చెర్ల ఒకటి. అక్కడి నుంచి గెలిచిన కావలి ప్రతిభా భారతి 1999లో స్పీకర్ అయ్యారు. 2008 పునర్విభజనతో ఆ రిజర్వేషన్ రాజాంకు మారింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని 8 అసెంబ్లీ సీట్లూ జనరలే. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి వాటిలోవే.

కాబట్టి ఇక్కడి దళిత యువతకు రిజర్వేషన్ ద్వారా తెరిచి ఉన్న దారి సర్పంచ్, ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపల్ వార్డు. లచ్చన్న సంఘంతో మొదలుపెట్టి చట్టసభకు చేరారు. ఆ స్థానిక పదవుల వెనక కూలీల సంఘం ఉంటే, 1948 చట్టం వదిలేసిన భూమి ప్రశ్నను మళ్లీ ఎత్తవచ్చు.