ఇంటిచరిత్రకు ఊరిసాక్ష్యము

మా ఊర కొన్ని యేండ్లుగా ఒక చిన్న సమాజము నడచుచున్నది. దానికి భవనము లేదు, నిధి లేదు. గ్రంథాలయపు వెనుకటి గదిలో నెలకొకమాఱు పదిపండ్రెండుగురము కూడుదుము. ఒక్కొక్క సభయందు ఒక్కొక్కరు తమ కుటుంబచరిత్రము చెప్పవలెను. చెప్పినదానికి ఆధారము చూపవలెను. తక్కినవారు ప్రశ్నింపవచ్చును, చెప్పువారు కోపపడరాదు. ఇవియే మా నిబంధనలు. వీనిలో కడపటిదానిని పాటించుటయే మిక్కిలి కష్టమని అనుభవముచే తెలిసికొంటిమి.

మొదటి సంవత్సరపు ఉపన్యాసములు విన్న క్రొత్తవాడెవడైనను మా ఊర సామాన్యుడు పుట్టనే లేదని తలంచియుండును. ఒకరి పూర్వులు కాకతీయుల మంత్రులు. మఱియొకరివారు కృష్ణదేవరాయల దండనాయకులు. వేఱొకరివారు కొండవీటి రెడ్లకు ఆప్తులు. పొలము దున్నినవాడును, అప్పు తీర్చలేక రాత్రికి రాత్రి ఊరు విడిచినవాడును ఏ వంశమునందును కానరాలేదు.

ఈ దోషము మాయందే పుట్టినది కాదు. రాజులును దీనికి లోనైనవారే. వేంగినేలిన తూర్పుచాళుక్యుల తామ్రశాసనములను చూడుడు. 10వ శతాబ్దపు శాసనములయందు వంశక్రమము కుబ్జవిష్ణువర్ధనునితో మొదలగును. అతడు 18 సంవత్సరములు ఏలెను, పిదప వాడు ఇన్నేండ్లు ఏలెను అని లెక్క నిరాడంబరముగా నడచును. 11వ శతాబ్దారంభమున విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమునకు వచ్చునప్పటికి ఆ వంశము చంద్రునివఱకు ప్రాకినది. అయోధ్యలో 59 మంది చక్రవర్తులు ఏలిరను కథయు చేరినది. కాలము గడచినకొలది పూర్వులు తగ్గవలసినది పోయి పెరిగిరన్నమాట! జయసింహుని పాలన కొన్ని శాసనములలో 33 ఏండ్లు, కొన్నిటిలో 30 ఏండ్లు. ఫ్లీటు పండితుడు 1891లో ఈ రాజుల కాలక్రమమును పరిశీలించినపుడు, ఒక శాసనమునకు మఱియొక శాసనమును సాక్షిగా నిలుపవలసివచ్చెను. రాజు మాటకే రెండవసాక్షి కావలసినపుడు మన తాతల మాటకు అక్కఱలేదా?

సామాన్యునికి తామ్రశాసనము లేదుగదా అందురు. నిజమే. కాని ఇంటిపేరు కలదు. మన ఇంటిపేర్లలో ననేకములు విడిచివచ్చిన ఊళ్ల పేర్లు. కందుకూరి వీరేశలింగముగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. వారి పూర్వుల ఊరు కందుకూరని ఇంటిపేరే చెప్పుచున్నది. వంశములను, గోత్రములను పాడుచు తిరిగిన పిచ్చుకుంటలవారి నోట నిలిచినది కొంత. గయలో పండాల పుస్తకములయందు యాత్రికులు వ్రాయించిన పేర్లు కొన్ని. గ్రామ కరణముల కవిలెలయందు మఱికొంత కలదు. ఆ కవిలెల ఆధారముననే కర్నల్ మెకంజీకొఱకు, ఏలూరివారైన కావలి సోదరులును వారి సహాయులును ఊరూర కైఫియత్తులు సేకరించిరి. మెకంజీ 1821లో మరణించెను. ఆ కైఫియత్తులు నేటికిని మనకు ఉపకరించుచున్నవి. ఆంధ్రప్రదేశమున 1984లో వంశపారంపర్యపు కరణీకములు రద్దయిన తరువాత, మా ప్రాంతమున కొన్ని ఇండ్ల అటకలపై మిగిలిన పాతలెక్కలు చెదలపాలయినవి. వానితో ఎన్ని కుటుంబముల జాడ పోయెనో చెప్పజాలము.

ఇక నా వంతు వచ్చినప్పటి సంగతి విన్నవింతును. మా ఇంట తరతరములుగా ఒక కథ కలదు. మా పూర్వుడొకడు యుద్ధమున కత్తిపట్టి జమీందారుని ప్రాణము కాపాడెననియు, అందుకు మెచ్చి ఆయన మాన్యము ఇచ్చెననియు మా తాతగారు చెప్పుచుండిరి. చిన్ననాడు ఆ కథ విని నేనును కట్టెను కత్తిగా త్రిప్పితిని. సభకు ఆధారము చూపవలెను గనుక ఇనాము రిజిస్టరు నకలు తెప్పించితిని. మదరాసు రాజధానియందు 1858లో ఏర్పడిన ఇనాం కమీషనువారు ప్రతి మాన్యమును విచారించి, అది ఎవరు, ఎవరికి, ఎందులకు ఇచ్చిరో వ్రాయించినారు. నా నకలులో మా పూర్వుని పేరు కలదు. కత్తి లేదు. కారణముండవలసినచోట ‘దశబంధము’ అని యున్నది.

దశబంధమనగా చెఱువు త్రవ్వించినవానికి, లేక బాగుచేయించినవానికి, ఆ చెఱువును సంరక్షించు నిబంధనతో ఇచ్చు మాన్యము. మా పూర్వుడు యోధుడు కాడు, చెఱువు బాగుచేయించినవాడు. సత్యము చెప్పవలెనన్న, ఆ కాగితమును రెండు నెలలు పెట్టెలోనే ఉంచితిని. మూడవ నెల సభలో చదివితిని.

చదివి కూర్చుండగనే చెఱువుకట్ట క్రింది పేటనుండి వచ్చిన వృద్ధుడొకడు లేచెను. ఆయన కులవృత్తి మట్టిపని. “అయ్యగారూ, ఆ కట్టకు మట్టి మోసినవారు మా ముత్తవ్వలు. మా ఇంట ఇప్పటికిని చెప్పుకొందుము. మాన్యము మీరు తింటిరి. తరువాత కట్టను చూచినదెవరు?” అని అడిగెను.

ఆయన కంఠమున కోపము లేదు. నాయొద్ద జవాబు లేదు. ఆ చెఱువు నేడు పూడిపోయినది. కట్ట రెండుచోట్ల తెగియున్నది. మాన్యము మా తాతగారి కాలముననే అమ్ముడుపోయినది. ఆధారము చూపుడని ఆయనను కోరుటకు నాకు నోరు రాలేదు. ఆ కట్టయే ఆధారము. సమాజపు పుస్తకమున మా వంశక్రమముప్రక్కనే ఆయన వాక్యమును వ్రాసికొంటిమి. కాగితము నా కథను సరిదిద్దెను. ఆయన మాట ఆ కాగితమున లేనిదానిని పూరించెను. నా ఇంట నేనొక్కడనే కూర్చుండి వ్రాసికొనియున్నచో ఈ రెండవ సవరణ జరిగియుండునా?

ఇంటికి వచ్చి ఆ వంశవృక్షమును మా మేనత్తగారికి చూపితిని. ఆమె కండ్లజోడు సవరించుకొని ఆసాంతము చూచి, “ఇందఱు మగవారును తమంతట తామే పుట్టిరా, నాయనా?” అనెను. తద్దినమునాడు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు తప్పక ఉచ్చరింతుము. కాగితముపై వ్రాయునప్పుడు మఱతుము. ఆమె ఆ సాయంకాలము తొమ్మిదిమంది స్త్రీల పేర్లు, వారి పుట్టినిండ్లతో సహా చెప్పెను. ఏ రిజిస్టరునందును అవి లేవు.

మా సభకు దూరదేశమునుండియు ఒక ప్రశ్న వచ్చినది. దక్షిణాఫ్రికానుండి తెలుగు సోదరి యొకరు లేఖ వ్రాసిరి. 1860 నవంబరు 16వ తేదీన మదరాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ దర్బాను చేరినది మొదలు 1911 వఱకు 152,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలునకు పోయిరి. వారిలో తెలుగువారు అనేకులు. ఓడల పట్టీలయందు ప్రతి మనిషికి ఒక సంఖ్య; పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, ఊరు, దేహముపైని గుఱుతులు వ్రాసియుండును. ఆ సోదరి ముత్తాతకు అట్టి పట్టీ కలదు. అందు జిల్లా ‘ఉత్తర ఆర్కాటు’ అని యున్నందున వారు చాలకాలము నేటి తమిళనాడుననే వెదకిరి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడువఱకు ఆ ప్రాంతమున హెచ్చుభాగము ఉత్తర ఆర్కాటులోనిదే అని మా సభ్యుడొకడు చెప్పెను. శ్రీకాకుళమువారును ఇట్లే భ్రమపడుదురు. అది 1936 వఱకు గంజాము జిల్లాలోనిది. చివరకు ఊరు దొరకినది. బంధువులు దొరకలేదు, ఇంటిపేరు పట్టీలో వ్రాయబడలేదు. అయినను ఊరు దొరకినదని ఆమె వ్రాసిన రెండవ లేఖను మేము సభలో రెండుమాఱులు చదివికొంటిమి. మంత్రుల, దండనాయకుల వారసులమైన మాలో ఎవరియొద్దను ముత్తాతను గూర్చి అంత స్పష్టమైన కాగితము లేదు.

శ్రోతలారా! కుటుంబచరిత్రము గొప్పలకొఱకు కాదు. మనము ఎవరి శ్రమమున బ్రతికితిమో, ఎవరికి ఏమి బాకీపడితిమో తెలియుటకొఱకు. అది ఇంట మొదలు కావలెను, కాని ఊరి యెదుట పరీక్షకు నిలువవలెను. ఈ ప్రసంగము ముగిసిన పిదప మీ ఇంటి పెద్దామెయొద్ద కూర్చుండుడు. ఆమె తల్లిపేరు, ఆ తల్లి తల్లిపేరు, వారి ఊళ్లు అడిగి, నేటి తేదీతో వ్రాసికొనుడు. అటకపైని కాగితములను పారవేయకుడు. మీ కథను కాదనగల పొరుగువానిని పిలిచి వినిపింపుడు.

మా సమాజమువారము వచ్చు వేసవిలో ఆ చెఱువుకట్టను చూడబోవుచున్నాము. ఆ వృద్ధుడు త్రోవ చూపుదునని మాట యిచ్చినాడు. పారలు తెచ్చుకొనుడని కూడ చెప్పినాడు.